ద్రాక్షారసాస్వాదనం: పదీ నలభై నుంచి పదకొండూ పాతిక వరకు

ఆ యాత్రల ఆఫీసులో మూడు బల్లలున్నాయి. తలుపుకు ఎదురుగా ఉన్నది యజమానిది. దాని మీద గాజు పలక, పలక కింద ఆయన తిరిగొచ్చిన ఊళ్ల ఫొటోలు. కిటికీ పక్కనున్నది ఆయన బావమరిదిది. దాని మీద ఎప్పుడూ ఏమీ ఉండదు, బావమరిది ఎప్పుడూ ఎవరో ఒకరిని వెంటేసుకుని ఎక్కడో ఒకచోట తిరుగుతూ ఉంటాడు కనక. మూడో బల్ల లోపలి గోడ పక్కన, నీళ్ల డబ్బాకీ జిరాక్సు మిషనుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఇరవై ఆరేళ్లుగా ఆ ఇరుకులో కూర్చుని జనాన్ని లోకమంతా తిప్పుతున్నవాడు మన నిమిషంగారు.

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయనకు ఒకటుంది గాని, అది జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. నిమిషం అన్న పేరు ఆయన తయారుచేసే కార్యక్రమం కాగితాల వల్ల వచ్చింది. వేరే ఆఫీసుల్లో అయితే "ఉదయం నగర దర్శనం, సాయంత్రం మీ ఇష్టం" అని రాసి చేతులు దులుపుకుంటారు. మనాయనకు అది నచ్చదు. "9.10 – 9.22: వంతెన మీదుగా నడచుట. 9.22 – 9.30: మధ్యలో ఆగి నదిని చూచుట. 9.30 – 9.34: ఆశ్చర్యపోవుట." ఇదీ వరస. ఆశ్చర్యానికి నాలుగు నిమిషాలు చాలడం లేదని ఒకసారి ఒక పెద్దమనిషి ఉత్తరం రాస్తే, మరుసటి ఏడు దాన్ని ఆరు చేసి, ఆ రెండూ గడియార స్తంభం దగ్గర కోత పెట్టాడు. రోజూ సాయంత్రం 5.30 నుంచి 5.45 దాకా "అలసిపోవుట" అని ఉంటుంది. సరిగ్గా ఐదున్నరకే కాళ్లు లాగడం మొదలుపెట్టాయని తిరిగొచ్చినవాళ్లు ఒట్టేసి చెప్పేవారు.

ఏ ఊళ్లో ఏ మ్యూజియంలో ఎన్ని మెట్లున్నాయో, మరుగుదొడ్డి మెట్లకు ఎడమనో కుడినో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. చూసింది మాత్రం ఒక్కటీ లేదు. బృందాన్ని తీసుకెళ్లేది ఎప్పుడూ బావమరిదే. నిమిషంగారు బస్సు దాకా వెళ్లి, లెక్కపెట్టి ఎక్కించి, అది మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపి, ఆఫీసుకు వచ్చి మళ్లీ జిరాక్సు మిషను పక్కన కూర్చునేవాడు.

ఆయన భార్య రెండు వీధుల అవతల దర్జీ దుకాణంలో పనిచేస్తుంది. కొత్తవి కుట్టదు. పొడుగైనవి పొట్టి చేస్తుంది, బిగుతైనవి వదులు చేస్తుంది. ఊళ్లకు వెళ్లేముందు జనం కోట్లు తెచ్చి ఆమె ముందు పడేస్తారు. అంటే దారి మొగుడు రాస్తాడు, అంచు పెళ్లాం మడిచి కుడుతుంది, వెళ్లేది వేరేవాళ్లు.

"మీరు పంపేవాళ్లందరి చేతుల పొడుగూ నాకు తెలుసు. వాళ్లు ఎక్కడికెళ్లారో మాత్రం మీకూ తెలీదు, నాకూ తెలీదు" అనేది ఆమె, సూదిలో దారం ఎక్కిస్తూ.

పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి చేసిన దూరప్రయాణం ఒక్కటే. ఆమె అక్కగారికి పిత్తాశయం ఆపరేషనైనప్పుడు బస్సులో నాలుగు గంటలు వెళ్లారు. దానికి కూడా నిమిషంగారు కార్యక్రమం రాశాడు. "4.00 – 4.20: పరామర్శించుట."

*

ఆ ఏడు వేసవి చివర్లో బావమరిది కాలు విరిగింది. ఏ కొండ మీదో కాదు, సొంతింట్లో బల్బు మార్చి స్టూలు మీంచి దిగుతూ. అప్పటికే ఒక కొత్త యాత్ర ఒప్పుకుని ఉన్నారు. విమానంలో వెళ్లి నగరంలో మూడు రాత్రులు, చుట్టుపక్కల పల్లెలకు రెండు పగటి విహారాలు, ఆ పల్లెల్లో ద్రాక్షతోటలు, తోటల్లో వైన్ రుచి చూడటం. యజమాని నిమిషంగారిని పిలిచి, చాలాసేపు కాయితాలు సర్ది, అప్పుడు అన్నాడు:

"ఏమయ్యా, ఈసారికి నువ్వే తీసుకెళ్తావా?"

నిమిషంగారు గాజు పలక కింది ఫొటోల వంక చూశాడు.

"ఊరికే కాదు. పన్నెండుమంది పోగవ్వాలి. పన్నెండైతే పదమూడో సీటు నీది, పద్నాలుగోది మీ ఆవిడకి. ఒక్కరు తగ్గినా రద్దు. బస్సువాళ్లు ఒప్పుకోరు, హోటలువాళ్లు ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను."

"పోగుచేస్తానండీ."

"కరపత్రం కూడా నువ్వే రాయి. ఇంగ్లిషు ముక్క ఒక్కటి కనపడకూడదు. మన దగ్గరికొచ్చేవాళ్లు సగంమంది రిటైరైనవాళ్లు. మంచి తెలుగు చూస్తే కరిగిపోతారు."

ఆ సాయంత్రం ఇంటికెళ్లి సంగతి చెప్తే ఆమె లేచింది. పెట్టెలోంచి తన పాత కోటు తీసి, తిరగేసి, లైనింగు చూసి, కత్తెర అందుకుంది. ఇరవై అయిదేళ్ల కాపురంలో ఆమె తన బట్ట మీద కత్తెర పెట్టడం అదే మొదటిసారి. అది చూశాక నిమిషంగారికి ఒక విషయం ఖాయమైపోయింది: పన్నెండుమందిని ఆకాశంలోంచైనా దింపాలి.

కరపత్రం రాయడానికి మూడు రోజులు పట్టింది. ఊరు, వంతెన, తోట, కొండ అన్నీ సాఫీగా వచ్చాయి. "వైన్" దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది. "మద్యం" అని రాస్తే పోలీసు కేసులా ఉంది. "ద్రాక్షసారా" అంటే ఎవరో గడ్డివాములో దాచినట్టుంది. ఆఖరికి నిఘంటువు దించి, దుమ్ము దులిపి, ద్రాక్షారసం అన్న మాట పట్టుకున్నాడు. దానికి ఆస్వాదనం తగిలించాడు. సవర్ణదీర్ఘ సంధి ఠంచనుగా కుదిరింది. "10.40 – 11.25: ద్రాక్షారసాస్వాదనం." పైకి చదువుకుంటే నోరంతా నిండింది. తాగకుండానే కాస్త ఎక్కినట్టయింది.

ఆ పదం కింద బావమరిది తెచ్చి పడేసిన పాత కాగితాల్లోంచి ఏరి రెండు వాక్యాలు చేర్చాడు. "ఇచ్చటి రసమందు తొలివానకు తడిసిన మట్టి, కొత్త తోలు, కాలిన చెక్క, ఏటి గులకరాయి రుచులు ఒకదాని వెంట ఒకటి నాలుకకు తగులును." గులకరాయి రుచి ఎలా ఉంటుందో ఆయనకు తెలీదు. అయితే అది అడిగేవాళ్లు ఉండరని ఇరవై ఆరేళ్ల అనుభవంలో గ్రహించాడు.

*

మొదటి వారం కొత్త దంపతులు ఒక జంట చేరారు. వాళ్లు కరపత్రం పూర్తిగా చదవలేదు, ఒకరినొకరు చూసుకుంటూ సంతకం పెట్టారు. తరువాత రిటైరైన పన్నుల ఆఫీసరు ఒకాయన, వెంట తమ్ముడు. అన్నగారు అన్ని షరతులూ రెండుసార్లు చదివాడు. తమ్ముడు అన్నగారి వెనక నిలబడి గోడమీది పటం చూశాడు. అక్కడికి నాలుగు. ఆ తరువాత పదిరోజులు ఈగ కూడా వాలలేదు.

పదకొండో రోజు తలుపు తోసుకుని ఒకేసారి ఎనిమిదిమంది ఆడవాళ్లు వచ్చారు. అందరి కాళ్లకూ తెల్ల బూట్లు. పార్కు దగ్గర పొద్దుటి నడక బృందమంటే ఊళ్లో తెలియనివాళ్లు లేరు. ఆరు చుట్లు నడుస్తారు. మొదటి మూడు చుట్లూ మాట్లాడకూడదు. నాలుగో చుట్టులో పెద్దటీచరమ్మ మాట్లాడుతుంది. ఐదు, ఆరు చుట్లలో మిగతావాళ్లు ఆవిడ చెప్పింది ఒప్పుకుంటారు. నూనె, పంచదార, మత్తుపదార్థాలు, మధ్యాహ్నం నిద్ర, ఈ నాలుగూ ఆ బృందంలో నిషేధం.

పెద్దటీచరమ్మ ముప్ఫై నాలుగేళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. కరపత్రం అందుకుని, కళ్లజోడు సర్దుకుని, నిలబడే మొత్తం చదివింది.

"ఎవరండీ రాసింది?"

"నేనేనండీ" అన్నాడు నిమిషంగారు, జిరాక్సు మిషను పక్కనించి సగం లేచి.

"ఒక్క అచ్చుతప్పు లేదు. ఈ రోజుల్లో సంధి చేసి రాసేవాళ్లు ఇంకా ఉన్నారన్నమాట" అని తన సంతకం పెట్టి వెనక్కి తిరిగింది. "సంతకాలు పెట్టండే."

ఏడుగురూ వరసగా పెట్టారు. నాలుగూ ఎనిమిదీ పన్నెండు. నిమిషంగారు ఆ రోజు మధ్యాహ్నం అరగంట సెలవు అడిగి, దర్జీ దుకాణం దాకా నడిచి, అద్దం బయట నిలబడి భార్యకు రెండు చేతుల వేళ్లు పదీ చూపించి, మళ్లీ రెండు చూపించి వచ్చాడు.

*

మూడో రోజు పెద్దటీచరమ్మ ఒక్కతే వచ్చింది.

"బాబూ, మా వాళ్లు అడిగి రమ్మన్నారు. ఆ ద్రాక్షారసం గురించి."

"అడగండి టీచరుగారూ" అన్నాడాయన హుషారుగా. చివరికి ఆ పదం గురించి అడిగేవాళ్లు దొరికారు!

"పంచదార వేస్తారా?"

"అస్సలు వెయ్యరండీ."

"ఐసు?"

"ఐసు వేస్తే రుచి చెడిపోతుందంటారండీ."

"మంచిది. మాలో ముగ్గురికి షుగరు, ఇద్దరికి గొంతు. అప్పటికప్పుడు పిండి ఇస్తారా, నిల్వదా?"

"ఎంత నిల్వుంటే అంత మేలండీ. కొన్ని పన్నెండేళ్లవి కూడా ఉంటాయి."

ఆవిడ కళ్లజోడు తీసింది.

"పన్నెండేళ్లా! పులిసిపోదూ?"

"పులియడమే కదండీ అసలు..."

అక్కడ నిమిషంగారి నోరు దానంతటదే మూతపడింది. పంచదార, ఐసు, పిండటం, గొంతు, అన్నీ ఒక్కసారిగా వరసలో నిలబడి ఆయనను చూశాయి. ఈవిడ ద్రాక్షపళ్ల రసం అనుకుంటోంది. నిఘంటువులో ద్రాక్షారసం ఒకటి, జనం నోట్లో ద్రాక్షరసం మరొకటి, మధ్యన ఉన్న తేడా ఒక్క దీర్ఘం. ఆ దీర్ఘం మీద ఎనిమిదిమంది కూర్చున్నారు. వాళ్లు లేస్తే మిగిలేది నలుగురు.



"ఏమిటి బాబూ, పులియడమే?"

"పులియడమంటే... నేలమాళిగలో పెడతారండీ. చాలా చల్లగా ఉంటుంది."

"ఆహా! పాతకాలంవాళ్ల బుర్రే బుర్ర. రక్తం పడుతుందంటారు, నిజమేనా?"

"అలాగే అంటారండీ."

"నిద్ర?"

"నిద్రకి ఢోకా లేదండీ."

గమనించండి, ఆయన ఒక్క అబద్ధం ఆడలేదు. చెప్పిన ప్రతి ముక్కా నిజమే. నిజం చివరిదాకా వెళ్లకుండా ప్రతిసారీ ఒక స్టాపు ముందే దిగిపోతున్నాడు, అంతే.

"అయితే తలో సీసా తెచ్చుకుంటాం, మనవలకి. మా బుజ్జిగాడు బొత్తిగా ఎముకల గూడులా ఉన్నాడు."

"పిల్లలకా?" నిమిషంగారు నీళ్లు నమిలాడు. "పిల్లలకి... అరగదేమోనండీ."

"వాడికా? వాడు పెన్సిళ్లే అరిగించుకుంటాడు" అని నవ్వి, ఆవిడ తెల్ల బూట్లతో చకచకా వెళ్లిపోయింది.

*

సాయంత్రం భార్యకు చెప్పాడు. ఆమె కోటు చేతులు విప్పదీసి బల్లమీద పరిచి ఉంచింది. సంగతి వినగానే ముందు నవ్వింది. మామూలుగా కాదు, నోట్లో పెట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టుకుని మరీ నవ్వింది.

"ఆవిడా! నేలమాళిగలో! ఆరు చుట్లూ అక్కడే తిరుగుతుందేమో!"

తరువాత నవ్వు ఆపింది. కోటు వంక చూసింది.

నిమిషంగారు ఎదురుచూస్తున్నాడు. మనసులో అనుకున్నదేమిటంటే, ఆమె ఇప్పుడు "రేపే వెళ్లి నిజం చెప్పేయండి" అంటుంది, తను "తప్పదంటావా?" అని నిట్టూరుస్తాడు, భారం ఆమె మీద పడిపోతుంది. భర్తలకు భార్యలు ఉండేది అందుకే అని ఆయన నమ్మకం.

"చెప్పడం దేనికి?" అంది ఆమె.

"ఏమిటీ?"

"మీరు రాసింది తప్పా?"

"తప్పు కాదు."

"మరి? ఆవిడ తెలుగు టీచరు. చూసుకోవాల్సింది ఆవిడ. అక్కడికెళ్లాక వాసన చూస్తుంది, ఛీ అంటుంది, పక్కన కూర్చుంటుంది. కొండ ఉంది, తోట ఉంది. ఎవరూ చచ్చిపోరు."

"మోసం కాదూ?"

"ఇరవై ఆరేళ్లు వంతెన చూడకుండా వంతెన గురించి రాశారు. అది కాదేం మోసం?" అని, గుండుసూదులు మళ్లీ నోట్లో పెట్టుకుంది. అంటే ఇక మాట్లాడేది లేదని.

ఆయనకు ఆశ్చర్యపోవడానికి ఆరు నిమిషాలు చాలలేదు.

మర్నాడు వేరే దారి పట్టాడు. అసలు ఆ ఆస్వాదనమే ఎత్తేస్తే? పెన్సిలు తీసుకుని 10.40 – 11.25 కొట్టేసి "ద్రాక్ష ఆకులను పరిశీలించుట" అని రాసి యజమాని ముందు పెట్టాడు.

"ఆకులా?" అన్నాడు యజమాని. "ఏమయ్యా, నువ్వేమైనా మేకల్ని తీసుకెళ్తున్నావా? పల్లెలకి మనల్ని తిప్పే బస్సు ఎవరిదనుకున్నావు? ఆ తోటలవాళ్లదే. వాళ్ల దగ్గర రుచి చూస్తామని మాటిస్తేనే బస్సు. రుచి లేదంటే బస్సు లేదు, బస్సు లేదంటే పల్లె లేదు."

"పోనీ నలభై అయిదు నిమిషాలు కాకుండా ఒక అయిదు..."

"ఏమైంది నీకు? ఆదివారం అందర్నీ పిలుస్తున్నాను. కార్యక్రమం చదివి వినిపించు. ఆ రోజుకి పన్నెండు ఖాయమైతే టిక్కెట్లు తీసేద్దాం."

*

ఆదివారం పదింటికి ఆఫీసులో కుర్చీలు చాలక, పక్కనున్న పళ్ల డాక్టరు గదిలోంచి ఎనిమిది తెచ్చి వేశారు. కొత్త దంపతులు ఒకే కుర్చీలో కూర్చునేలా ఉన్నారు. పన్నుల ఆఫీసరు ముందు వరసలో, తమ్ముడు ఆయన వెనక. నడక బృందం వరసగా, బూట్లు జతగా పెట్టుకుని. నిమిషంగారి భార్య అందరికన్నా వెనక, జిరాక్సు మిషనుకు ఆనుకుని నిలబడింది. కోటు వేసుకుని వచ్చింది. భుజాల దగ్గర ఎంత బాగా కుదిరిందంటే నిమిషంగారు ఒకసారి చూసి మళ్లీ చూడలేకపోయాడు.

చదవడం మొదలుపెట్టేలోగా నడక బృందంలోని పోస్టాఫీసావిడ, అంటే పోస్టాఫీసులో పార్సిళ్ల దగ్గర పనిచేసి రిటైరైనావిడ, ఒక పెద్ద సంచి తెచ్చి బల్లమీద పెట్టింది.

"నిమిషంగారూ, ఇది బస్సులో ఎక్కడ పెట్టాలో చూడండి. లోపల గాజు. ప్రతిదానికీ పాత గుడ్డ చుట్టాను, పగిలే ప్రశ్నే లేదు."

లోపల ఎనిమిది ఖాళీ సీసాలు. మరగబెట్టి ఆరబెట్టినవి. ఒక్కోదానికీ తెల్ల ప్లాస్టరు ముక్క అతికించి, మీద సిరాతో రాసి ఉంది. "చిట్టికి." "హాస్టల్లో ఉన్నవాడికి." "మూడోదానికి, దగ్గు తగ్గాక." "బుజ్జిగాడికి."

నిమిషంగారు ఆ సీసాలు చూశాడు. గుడ్డ మళ్లీ జాగ్రత్తగా కప్పాడు. కాయితం అందుకుని చదివాడు. మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజు పొద్దున్న తొమ్మిదింటికి బస్సెక్కారు, పదింటికి కొండ దాటారు, పదీ పది నుంచి పదీ నలభై దాకా తోటలో నడిచారు. పదీ నలభై అయింది.

ఆయన అక్కడే నిలబడిపోయాడు.

"చదవవయ్యా" అన్నాడు యజమాని.

నిమిషంగారు వెనక గోడ వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. పైకి ఎవరికీ తెలియనంత కొద్దిగా. ఆయన చూపు దించుకున్నాడు. దించుకుంటే ఎదురుగా సంచి.

"ద్రాక్షారసం అంటే వైనండీ" అన్నాడు.



"అంటే?" అంది పోస్టాఫీసావిడ.

"పళ్లరసం కాదండీ. తాగితే... ఎక్కుతుంది. పిల్లలకు పట్టకూడదు. ఆ మాట నేను ముందే చెప్పాల్సింది. చెప్పలేదు."

ఏడు తలలు ఒక్కసారిగా పెద్దటీచరమ్మ వైపు తిరిగాయి. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. తరువాత మెడ. పాపం, ఆవిడ పరిస్థితి చూడండి. ఎదురుగా రెండే దారులు. ఒకటి, లేచి బయటికి నడవడం. కానీ అలా నడిస్తే ముప్ఫై నాలుగేళ్లు తెలుగు చెప్పిన మనిషికి ఒక తెలుగు మాట అర్థం కాలేదని, అదీ నాలుగో చుట్టు వినే ఏడుగురి ముందు, ఒప్పుకున్నట్టే. రెండోది ఆ నేలమాళిగలోకి దిగడం.

ఆవిడ కళ్లజోడు తుడుచుకుంది. పెట్టుకుంది.

"ఇందులో ఇంత గాభరాపడి చెప్పేదేముంది బాబూ? ద్రాక్షరసం వేరు, ద్రాక్షారసం వేరు. ఆ మాత్రం నాకు తెలీదనుకున్నారా?"

"మీకు తెలుసా?" అంది పోస్టాఫీసావిడ.

"తెలియకపోవడానికి నేనేమైనా పార్సిళ్లు కట్టానా?"

"మరి మాకు చెప్పలేదేమండీ?"

"అడిగారా?"

"మత్తుపదార్థాలు నిషేధమన్నారుగా, నాలుగో చుట్టులో?"

"తాగుడు నిషేధం. ఇది ఆస్వాదనం. 'ఆ' అనే ఉపసర్గకు కొంచెం అని ఒక అర్థం ఉంది. కొంచెం రుచి చూడటం. చదువుకున్నవాళ్లు చేసే పని."

పోస్టాఫీసావిడ అంత తేలిగ్గా వదిలే రకం కాదు. అడ్రసు సరిగా లేని పార్సిలు ఆమె చేతుల్లోంచి ఏనాడూ దాటలేదు.

"మరి పంచదార వేస్తారా అని కనుక్కు రమ్మన్నాం కదా, కనుక్కున్నారా? వైనైతే పంచదార గొడవేముంది?"

పెద్దటీచరమ్మ నోరు తెరిచింది. కళ్లు నిమిషంగారి మీదికి వెళ్లాయి. బడిలో ఎందరు పిల్లలు ఆవిడ వంక అలా చూసి ఉంటారో, ఆ చూపు.

"కనుక్కున్నారండీ" అన్నాడు నిమిషంగారు. "వైన్లలో తీపి రకాలు, తీపి లేని రకాలు ఉంటాయి. మన తోటలో ఏవి ఇస్తారు, ఎన్నేళ్లవి, ఎలా నిల్వచేస్తారు, చాలా లోతుగా అడిగారు. నాకే కొన్నిటికి జవాబు తెలీలేదు."

"చూశావుగా" అంది పెద్దటీచరమ్మ.

"నాకు మొదటినించీ తెలుసు. షరతుల్లో ఏడోది చూడండి" అన్నాడు పన్నుల ఆఫీసరు. "మా తమ్ముడు వస్తున్నదే దానికోసం."

"అవును" అన్నాడు తమ్ముడు. ఆయన గొంతు విన్నది అందరూ అప్పుడే.

యజమాని గొంతు సవరించుకున్నాడు. "రానివాళ్లుంటే ఇప్పుడే చెప్పండి. తరువాత నన్ననకండి."

నిమిషంగారు కాయితంలోని అక్షరాలు చూస్తూ నిలబడ్డాడు. ఒక్క అక్షరం చదవలేదు. ఎవరో కుర్చీ జరిపారు. ఆయన గుండె కూడా దాంతోపాటు జరిగింది.

"మా ఎనిమిదిమందీ వస్తున్నాం. రాసుకోండి" అంది పెద్దటీచరమ్మ.

"మరి బుజ్జిగాడి సీసా?" అంది పోస్టాఫీసావిడ.

"దాన్నిండా మంచినీళ్లు పోసి తెచ్చుకో. కొండెక్కుతాం, దాహమేస్తుంది."

*

అందరూ వెళ్లాక, పళ్ల డాక్టరు కుర్చీలు ఒకదానిమీద ఒకటి పెడుతున్న నిమిషంగారి దగ్గరికి పెద్దటీచరమ్మ వచ్చింది. ఏడుగురూ మెట్ల కింద ఎదురుచూస్తున్నారు.

"నాతో ఆ రోజే అనాల్సింది మీరు."

"అనాల్సిందండీ. పన్నెండుమంది లేకపోతే..."

"అర్థమైంది. వెనక నిలబడ్డ ఆ అమ్మాయి ముఖం చూశాను. మీ ఆవిడేనా?"

"అవునండీ."

ఆవిడ మెట్ల వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించింది. "ఎలా ఉంటుంది బాబూ? చేదా?"

"తెలీదండీ."

"తెలీకపోవడమేమిటి? తడిసిన మట్టి అన్నారు, తోలన్నారు..."

"పాత కాయితాల్లోంచి ఏరానండీ. నేనెప్పుడూ చుక్క ముట్టలేదు."

"గులకరాయి?"

"అదీ అంతేనండీ."

పెద్దటీచరమ్మ నవ్వింది. పైకి వినపడకుండా, భుజాలు మాత్రం కదిలేలా, చాలాసేపు నవ్వింది.

"పోనీలెండి. నేను సముద్రం చూసింది రిటైరయ్యాక. అంతకుముందు ముప్ఫై నాలుగేళ్లు 'సముద్రంలో సూర్యోదయం' మీద పిల్లలచేత వ్యాసాలు రాయించాను, మార్కులు కూడా తగ్గించాను" అని, కళ్లు తుడుచుకుని, ముఖం మళ్లీ నాలుగో చుట్టులో ఉండేట్టు చేసుకుని మెట్లు దిగిపోయింది.

కింద వీధిలో భార్య నిలబడి ఉంది. నిమిషంగారు తాళం వేసి వచ్చి పక్కన నడవడం మొదలుపెట్టాడు. దర్జీ దుకాణం దాటారు, మందుల కొట్టు దాటారు.

"వద్దని తలూపాను కదా" అంది చివరికి.

"చూశాను."

"చూసి కూడా చెప్పారు."

"చెప్పాను."

"ఆవిడ లేచి వెళ్లిపోయుంటే?"

"వెళ్లిపోయుంటే..." నిమిషంగారు ఆమె కోటు భుజాల వంక చూశాడు. "నీకు కోపమొచ్చి ఉండేది."

"కోపమొకటేనా!" అని నాలుగడుగులు వేసింది. మళ్లీ అంది, ఈసారి వేరే గొంతుతో: "ఇప్పుడు నిజంగానే వెళ్తున్నామా?"

"నిజంగానే. రేపు టిక్కెట్లు."

ఆమె నడక నెమ్మదించింది. "విమానంలో కిటికీ పక్క సీటు మంచిదా, ఇవతలిదా?"

"కిటికీ పక్కది."

"ఎవరు చెప్పారు?"

"అందరికీ నేనే చెప్తాను."

"మీకెలా తెలుసు?"

నిమిషంగారు ఆలోచించాడు. ఆ ప్రశ్న ఇరవై ఆరేళ్లలో ఎవరూ అడగలేదు.

"తెలీదు" అన్నాడు.

"అయితే అక్కడ మీరు కూర్చోండి. నాకు భయంగా ఉంది."

"నాకూ భయంగానే ఉంది."

ఆమె ఆగి ఆయన ముఖంలోకి చూసింది. ఇంతమందిని బస్సెక్కించి చెయ్యి ఊపిన మనిషి అబద్ధమాడుతున్నాడేమోనని చూసింది. ఆడటం లేదు.

"అయ్యో రామ" అని, రోడ్డు దాటడానికి ఆయన చెయ్యి పట్టుకుంది. దాటాక కూడా వదల్లేదు.